రెండువందల పదమూడో చీటీ

వేంకటాచలం మాస్టారికి కాగితం మీద రెండువందల పన్నెండు జబ్బులున్నాయి. ఒక్కదానికీ మందు వాడటం లేదు.

విజయనగరంలో ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. వైద్యమంతా తెలుగులో చెప్పే రోజు వస్తుందని నమ్మిన ఒక సంఘంవారు, పంతొమ్మిదివందల అరవైఏడు చివర్లో, హైదరాబాదు నుంచి ఆయనకు ఉత్తరం రాశారు. ఎక్స్-రేలకీ అణువైద్యానికీ సంబంధించిన ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు చేసి పంపాలి. మాటకో చీటీ. చీటీ మీద ఇంగ్లీషు మాట, తెలుగు మాట, కింద ఆ మాట వాడిన వాక్యం ఒకటి.

ఆ వాక్యం దగ్గరే చిక్కొచ్చింది. 'సూరయ్య ఎముక విరిగింది' అని రాయబోయి చెయ్యి ఆపుకున్నాడు. వీధి చివర ఒక సూరయ్య ఉన్నాడు, పిల్లలు గలవాడు. తన మానాన తాను బతుకుతున్న మనిషి ఎముకను సిరాతో విరగ్గొట్టడానికి మనసొప్పలేదు. 'ఒకడు' అని రాస్తే ఆ ఒకడెవడా అన్న ఆలోచన మధ్యాహ్నం దాకా వదల్లేదు. చివరికి అన్నిటికీ తన పేరే పెట్టుకున్నాడు. వేంకటాచలం ఎముక విరిగింది. వేంకటాచలం మూత్రపిండంలో రాయి కనిపిస్తోంది. వేంకటాచలానికి కిరణాలు వెదజల్లే అయోడిన్ తాగించి గొంతు గ్రంథికి పటం తీశారు. ఈ చివరిది ఎక్కడ చేస్తారో ఆయనకు తెలియదు. బొంబాయిలో చేస్తారని ఎవరో అన్నారు. హాఫ్ లైఫ్‌కి 'అర్ధాయుష్షు' అని రాసి, పక్కనే తన పేరు చూసుకుని, కొట్టేసి 'సగమయ్యే కాలం' అని దిద్దాడు. భయం కాదు, అర్థం సరిపోలేదు, అని తనకు తాను చెప్పుకున్నాడు. తనకు తాను చెప్పుకోవలసి వచ్చే సంగతుల్ని ఆయన మామూలుగా నమ్మడు. దీన్ని నమ్మాడు.

చీటీలు పాత శుభలేఖల వెనకవైపు. మూలలకు ఇంకా పసుపుంది. చిత్తు చూసి వాటి మీద సాపు రాసేది భార్య జ్ఞానాంబ. పెళ్లయిన ముప్పైనాలుగేళ్లలో ఆవిడ భర్త పేరు పలకలేదు. రాయడమూ పలకడం కిందికే వస్తుందని ఆవిడ అభిప్రాయం. పేరు రావలసిన చోట చిన్న గీత గీసి వదిలేసేది. సాయంత్రం కాఫీ తాగుతూ ఆయన ఆ గీతల మీద తన పేరు రాసుకునేవాడు.

మాట కుదిరిందో లేదో తేల్చడానికి ఆయనకొక పద్ధతుంది. మాట విన్న మనిషి "పత్తెం ఏటి?" అని పథ్యం సంగతి అడిగితే, అది జబ్బని అర్థమైనట్టు. అడక్కపోతే కొట్టెయ్యాలి. ఇందుకోసం రోజూ పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లి, ఎక్స్-రే గది ముందు బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల మీద మాటలు వేసి చూసేవాడు.

ఫిబ్రవరి పన్నెండున ఫిలింలు తీసే జగన్నాధం తలుపు తీసి అన్నాడు: "మాస్టారూ, ఆ దగ్గేటి? నెల్లాళ్ల నుంచి ఇంటన్నాను. రండి లోనికి, ఓ ఫిలిం తీసేస్తాను."

"నాకు జబ్బుల్లేవయ్యా."

"మీ సీటీల్లో సానా ఉన్నాయి గదా!"

ఫిలిం చూసి డాక్టరు చిన్న కాగితం మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసిచ్చాడు. కుడి ఊపిరితిత్తి, పైభాగం, కేవిటీ. "క్షయ. కంగారు లేదు, నయమయ్యేదే. వచ్చే సోమవారం వస్తే సూదులు మొదలుపెడదాం. ఆలస్యం చేస్తే మాత్రం రెండోవైపుకీ పాకుతుంది," అన్నాడు.

ఇంటికొచ్చి వేంకటాచలం ఆ కాగితాన్ని మిగతా చీటీల మీద పెట్టాడు. దాని మీద తన పేరుంది, కింద జబ్బుంది. అలాంటివి అప్పటికే రెండువందల పన్నెండున్నాయి. అలవాటు చొప్పున తర్జుమా చేశాడు: 'వేంకటాచలం కుడి ఊపిరితిత్తి పైభాగాన కుహరం ఉంది. ఫిలిం 418, ఫిబ్రవరి 12.' చదువుకుంటే మనసు తేలికపడింది. సోమవారం వచ్చింది. ఆ రోజు చీటీల పని ఎక్కువగా ఉంది. రెండో సోమవారమూ అంతే.

ఆయన్ని బాధిస్తున్నది కుహరమన్న మాట. లోపలెవరో తపస్సు చేసుకుంటున్నట్టుంది. చల్ల అమ్మే అసిరమ్మ గుమ్మంలోకి రాగానే అడిగాడు.

"అసిరమ్మా, ఊపిరితిత్తిలో కుహరం ఉందంటే ఏమనుకుంటావు?"

"అదేటి బాబూ? తినేదా?"

"సరే, గుల్ల ఉందంటే?"

అసిరమ్మ నెత్తిమీది కుండ దింపింది. "గుల్లపడిపోనాదా? ఎవులికి?"

"ఎవరికైనా."

"ఎవులికైనా అంటే ఎలాగ? రోగం ఎవులో ఒకలికే వస్తాది. పత్తెం ఏటి సెప్పినారు?"

మాట నెగ్గింది. ఆయన కుహరాన్ని కొట్టేసి గుల్ల అని రాశాడు. సంతోషంతో లేవబోతే దగ్గొచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తరవాత దాన్ని విప్పి చూడకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

మూడో ఆదివారం జ్ఞానాంబ సాపు రాస్తూ రాస్తూ ఆగింది.

"ఏవండీ, దీనికి తేదీ ఎందుకుంది?"

"దేనికి?"

"గుల్లకి. మిగతా వాటికి తేదీల్లేవు. దీనికి నంబరు కూడా ఉంది."

"ఉదాహరణ నిజంలా ఉండాలని."

"మూత్రపిండంలో రాయి నిజంలా ఉండక్కర్లేదా?"

వేంకటాచలం చీటీల కట్ట సర్దసాగాడు. జ్ఞానాంబ సిరా ఆరేదాకా చీటీని చూస్తూ కూర్చుంది.

"ఎప్పుడు రమ్మన్నారు?"

"పందొమ్మిదిన."

"అది వెళ్లిపోయింది," అంది. కలానికి మూత పెట్టింది. "రేపు వెళ్తున్నాం."

మర్నాడు ఆస్పత్రిలో చీట్లు రాసే గంగులు తలెత్తకుండా అడిగాడు: "రోగి పేరేటమ్మా?"

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన నోరు తెరిచాడు, దగ్గు పట్టుకుంది. స్తంభానికి ఆనుకుని దగ్గుతూనే ఉన్నాడు. ఆవిడ సాపు చీటీ తీసి గంగులు ముందు పెట్టింది.

"పేరుకాడ గీతుందమ్మా. ఎవులికని రాయను? ఎనకాల జనం సూడు."

"వేంకటాచలం," అంది జ్ఞానాంబ.

"ఇనబడనేదు."

"వేంకటాచలం. కుడి ఊపిరితిత్తి పైభాగాన గుల్ల ఉంది." క్యూలో వాళ్లంతా తిరిగి చూశారు.

దగ్గు ఆగింది. ఎవరీ వేంకటాచలం, పాపం, అనుకున్నాడాయన. ఇన్ని నెలలుగా సాయంత్రాలు రాసుకున్న పేరు ఇంకొకరి గొంతులో వేరుగా ఉంది. స్తంభం వదిలి గంగులు బల్ల దగ్గరకొచ్చి, వంగి అడిగాడు.

"పథ్యం ఏమిటి?"

"నన్నడిగితే ఏటి సెప్తాను మాస్టారూ," అన్నాడు గంగులు చీటీ చింపి ఇస్తూ. "లోనికెళ్లి అడగండి."