ఇనుము లాక్కుపోయిన భాస్వరం

మా గైడు తిరుమలరావు గారు నా థీసిస్‌లో చదివింది చివరి పేజీ ఒక్కటే. అందులో ఆయన పాత పేపరు తప్పని రాసి ఉంది. అందుకే వైవా రోజు పొద్దున్నే గదిలోకి పిలిచారు. ముందు అడిగింది మాత్రం భోజనం గురించి. బయటి నుంచి వచ్చే పరీక్షకుడికి విందు పెట్టడం మా డిపార్టుమెంటులో స్టూడెంటు పని. సైన్సు ఎలా ఏడ్చినా చేప ముక్క బాగుండాలి.

"దేవిశ్రీ, వంజరం వేపుడు సెప్పావా? సరే. ఆయన అడిగితే, నా పాత పేపర్లో ఉన్నట్టే, సముద్రంలో ఇనుం ఎక్కువుండబట్టే భూమ్మీద ఆక్సిజన్ పెరిగిందని సెప్పీ. కాదంటే నాను సంతకం ఎట్టను."

ఇన్నేళ్ల నా చదువు ఆ సంతకం దగ్గర ఆగింది. ఈ మనిషినా సార్ అని పిలిచాను అని అసహ్యం వేసింది.

పరీక్షకుడు నతానియేల్ గారు సరిగ్గా అదే అడిగారు. "ఇనుము జీవులకు ఆహారమే కదమ్మా! మరి ఆక్సిజన్ అంత ఆలస్యంగా ఎందుకు పెరిగింది?"

గైడు గుడ్లురిమారు. నేను ఆగలేదు.

"వాటికి భాస్వరం కూడా కావాలి సార్. వందల కోట్ల ఏళ్ల నాటి సముద్రంలో ఇనుము తుప్పు రేణువులుగా మారి, భాస్వరాన్ని అంటించుకుని అడుక్కి దిగిపోయేది. ఆక్సిజన్ వదిలే సూక్ష్మజీవులు పస్తులుండేవి. అవీ పెరగలేదు, ఆక్సిజనూ పెరగలేదు."

"భలే చెప్పావమ్మా!" అన్నారు నతానియేల్ గారు.

గైడు ముఖం వెలిగిపోయింది. "మొదట్నుంచీ నేను చెప్తున్నది అదేనండి." సిగ్గన్నది ఏ కోశానా లేదు.

"మరి మీ పాత పేపర్లో వేరేగా ఉందే?"

"అదా? అప్పటి స్టూడెంటు దాలయ్య చేసిన తప్పండి. చెప్తే వినేవాడు కాదు. మధ్యలో మానేశాడు."

దాలయ్య గారు ఇప్పుడు పరవాడలో ఒక మందుల కంపెనీలో నీళ్లు పరీక్షిస్తారు. నా శాంపిళ్ల పని మీద వెళ్లినప్పుడు ఆయనే చెప్పారు. భాస్వరం మాట ఎత్తినందుకే గైడు ఆయన్ను వెళ్లగొట్టారట. ఇప్పుడా తప్పు కూడా ఆయన నెత్తినే రుద్దుతున్నారు.

గైడు రిపోర్టు దగ్గరికి లాక్కుని పెన్ను తీశారు. నేను నోరు మూసుకుంటే చాలు, డాక్టర్ దేవిశ్రీనైపోతాను.

"అబద్ధం సార్!" అన్నాను. "దాలయ్య గారు అప్పుడే ఈ మాట సెప్పారు. సెప్పినందుకే ఈయన డిగ్రీ రానీలేదు. ఇప్పుడు తప్పంతా ఆయన మీదెట్టేత్తన్నారు."

గైడు పెన్నుకి మూత పెట్టి జేబులో దోపుకున్నారు. నతానియేల్ గారి వైపు చూడలేక తల దించుకున్నారు. నా డిగ్రీ పోయిందని నాకు తెలుసు. ఆ దించుకున్న తల చూసి జాలి మాత్రం కలగలేదు.