వెనక నుంచి తీసిన ఫోటో

సారంగపాణి అనుమానం మనిషి. రెల్లుమడుగులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, ఆయన ఎదుట మాత్రం చెప్పరు. పాలు పోసేవాడు గిన్నె వంచితే ఈయన కళ్లు గిన్నె అడుగున ఉంటాయి. పక్క చేను దూలయ్య మోటారు పెడితే, అది తన బోరులో నీళ్లే లాగుతోందని ఈయన చెవికి వినబడుతుంది. బొగ్గు గనిలో ముప్పై ఒక్క ఏళ్లు డంపర్ నడిపినప్పుడు డీజిల్ దొంగలను ముగ్గురిని పట్టించాడు. అందులో ఇద్దరు నిజంగానే దొంగలు. మూడోవాడి సంగతి ఆయన మాట్లాడడు, మనమూ అడగకూడదు.

రిటైరయ్యాక ఆరెకరాల పామాయిల్ తోట పెట్టుకుని ఊళ్లో స్థిరపడ్డాడు. ఆ తోటల్లో బోర్ల దగ్గర కేబుల్ వైరు కోసుకుపోయే దొంగలు రెండేళ్లుగా రైతుల ప్రాణాలు తోడేస్తున్నారు. లోపలి రాగి కోసం అరవై మీటర్ల వైరు కోసుకుపోతారు, ఇక్కడ తోట ఎండిపోతుంది. ఫిర్యాదిస్తే స్టేషన్‌లో రాసుకుంటారు, అంతే. అప్పుడు సారంగపాణికి ఒక ఆలోచన వచ్చింది. ఎరువుల కొట్టు ప్రేమ్‌సాగర్‌ను కలుపుకుని, అతని ఫోను నుంచి ‘మూడో కన్ను’ అని వాట్సాప్ గ్రూపు పెట్టించాడు. ఇద్దరూ అడ్మిన్లు. కొత్త మనిషి కనబడితే ఫోటో తీసి పెట్టాలి, తెలిసినవాళ్లు పేరు చెప్పాలి. చుట్టుపక్కల ఏడు ఊళ్ల రైతులు, నాలుగు వందల పన్నెండు మంది చేరారు. ఎస్సై కూడా ఉన్నాడు. పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్లనే చేర్చుకోవాలని నియమం పెట్టారు కనుక ఆడవాళ్లు లేరు, కూలివాళ్లు లేరు. పోయిన మోటార్ సైకిల్ ఒకటి, మేకలు రెండు ఆ గ్రూపు వల్లే దొరికాయి. అప్పట్నుంచి సారంగపాణి ఊళ్లో నడిచే నడకే మారిపోయింది.

ఈ మధ్య చెట్టుకు కట్టే కెమెరా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. అడవిలో పులుల కోసం కడతారే, అలాంటిది. ఎదురుగా ఏది కదిలినా ఫోటో తీసి, కింద తేదీ, టైము వేస్తుంది. నేను సెట్ చేసి పెడతానని ప్రేమ్‌సాగర్ అన్నాడు. వీడికి నా కెమెరా గుట్టు ఎందుకని సారంగపాణికి అనుమానం. అద్దాలు సర్దుకుని శనివారం ఉదయం తొమ్మిదింటికి తనే మీటలు నొక్కి, తనే టైము పెట్టి, బోరుకు ఎదురుగా ఉన్న చెట్టుకు కట్టి వచ్చాడు.

ఆదివారం పొద్దంతా ముసురు. మధ్యాహ్నం తిని, బోరు దాకా వెళ్లి వచ్చి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. సోమవారం పొద్దున్నే వెళ్లేసరికి కేబుల్ లేదు. స్టార్టర్ డబ్బా నోరు తెరుచుకుని ఉంది. పామాయిల్ మట్ట ఒకటి గాలికి విరిగి కెమెరాకు అడ్డంగా వేలాడుతోంది. దాన్ని పక్కకు లాగి, కెమెరా విప్పి, కార్డు ఫోనుకు తగిలించాడు.

మొదట ఆకులు, తర్వాత ఉడత, ఆ తర్వాత నెమలి. ఆ తర్వాత మనిషి!

నలుపూ తెలుపూ ఫోటో. వెనక నుంచి పడింది. తలమీద యూరియా సంచి కొప్పెర ఉంది. వాన పడితే మా వైపు అందరూ చేసుకునేదే, సంచిలో ఒక మూలను ఇంకో మూలలోకి దోపి తలమీద వేసుకుంటే వీపు దాకా తడవదు. ఆ సంచికి నడి వీపున పెద్ద అతుకు. మనిషి బోరు మీదికి వంగి ఉన్నాడు. కింద సోమవారం తేదీ, రాత్రి రెండూ నలభై. సారంగపాణి ఒళ్లు మండిపోయింది. దొంగ దొరికాక ఇంకేం చూస్తాం? అక్కడితో ఆపి ఫోటోను గ్రూపులో పెట్టేశాడు.

అరగంట సేపు తలా ఒక మాట అన్నారు. ఒకరు ఒడిశా కూలీ అన్నారు, ఒకరు అడవి వైపు నుంచి దిగినవాడన్నారు. ఎటూ తేలడం లేదు. అప్పుడు సారంగపాణి ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, ఒక మాట రాశాడు: ‘ఒడ్డూ పొడుగూ చూస్తే పాత సామాన్ల వసీం లెక్క కొడుతున్నడు.’

వసీంది అశ్వారావుపేట. మోపెడ్ మీద ఊరూరూ తిరిగి పాత ఇనుము, ప్లాస్టిక్, పగిలిన బకెట్లు కొంటాడు. ఆరేళ్లుగా సారంగపాణి ఇంటికీ వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా తూకం దగ్గర ఈయన పేచీ పెట్టడం, అతను నవ్వి ఊరుకోవడం మామూలే. అతను వెళ్లిపోతుంటే, పోతూ పోతూ ఏమైనా ఎత్తుకుపోతాడేమోనని గేటు దగ్గర నిలబడి, మోపెడ్ మలుపు తిరిగేదాకా చూడటం కూడా మామూలే.

అడ్మిన్ నోట పేరు వచ్చాక ఇంకేముంది! అవ్, వాడే అన్నవాళ్లు అరవై మంది. ఆదివారం మోపెడ్ చూశానని ఒకడు, అతుకు సంచి వాడిదేనని ఇంకొకడు. మధ్యాహ్నానికి వైరా రోడ్డు మీద మోపెడ్‌ను ఆపి అతన్ని కిందికి లాగారు. బస్తాలో రాగి తీగ దొరికింది. మోటారు వైండింగ్ షాపు గణేష్ దగ్గర పొద్దున్నే కొన్నానని అతను మొత్తుకుంటే వినేవాడు లేడు. నాలుగు తగిలించి స్టేషన్‌లో అప్పజెప్పారు. మంగళవారం మధ్యాహ్నం కోర్టుకు పంపిస్తానని, అక్కణ్నుంచి జైలుకేనని ఎస్సై గ్రూపులోనే చెప్పాడు. చప్పట్ల బొమ్మలు మూడు వందలు పడ్డాయి.

మంగళవారం పొద్దున జిల్లా పేపర్లో వార్త వచ్చింది. దొంగను పట్టించిన వాట్సాప్ గ్రూపు అని పైన, ఆ ఫోటో కింద, సారంగపాణి పేరు మధ్యలో. ఏనుగెక్కినంత సంబరంతో ఆ పేపరు తెచ్చి, చాయ్ వడపోస్తున్న భార్య రోజారాణి ముందు పరిచాడు. రోజారాణిది మీటల ఫోను, ఆ గ్రూపు గొడవ ఆమెకు పట్టదు. పేరు ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. ఆమె మురిసిపోయి, చేతులు తుడుచుకుని, పేపరు కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది.

“పేరు మంచిగనే ఏసిండ్రు. గని ఫోటో గిట్ల యెనక నుంచి తీసిండ్రేంది? ముఖం కానొస్తే బాగుండు.”

సారంగపాణికి మొదట అర్థం కాలేదు. అది తన ఫోటో కాదని, దొంగదని నవ్వుతూ చెప్పాడు. రోజారాణి నవ్వలేదు. ఇంకోసారి చూసింది.

“దొంగ ఏంది? గిది నువ్వే. గా సంచికి అతుకు నేనే కుట్టిన. డంపర్ బోల్తా పడ్డకాన్నుంచి నీ ఎడమ భుజం గట్లనే కిందికి ఉంటది.” ఆయన నోరు తెరవబోతే ఆమె ఆగలేదు. “పెండ్లయినకాన్నుంచి నీ యెనక నడుస్తున్న. జాతరకు పోయినా, దవాఖానాకు పోయినా నువ్వు ముందు, నేను యెనక. నీ ముఖమన్న మరుస్త గని నీ యీపు మరుస్తనా?”

నీకేం తెలుసని కసిరాడు. అర్ధరాత్రి తను మంచంలో లేడా అని అడిగాడు. ఉన్నావని ఆమే ఒప్పుకుంది. అయినా గోడకు వేలాడుతున్న యూరియా సంచి వైపు చూడకుండా గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, కార్డు మళ్లీ ఫోనుకు తగిలించాడు.

దొంగ ఫోటో తర్వాత ఇంకొకటి ఉంది. నిన్న చూడకుండా వదిలేసింది అదే. అందులో ఒక ముఖం కెమెరా నిండా ఉంది. పొద్దుటి వెలుతురు, పక్కకు లాగుతున్న మట్ట, కళ్లద్దాలు, గడ్డం మీద తెల్ల వెంట్రుకలు. కెమెరా విప్పుతున్న సారంగపాణి! అప్పుడు సోమవారం పొద్దున ఆరూ పది. కింద మాత్రం సాయంత్రం ఆరూ పది అని ఉంది. వెనక్కి వెళ్లాడు. నెమలి ఎండలో రంగురంగులుగా నిలబడి ఉంది, దాని కింద శనివారం రాత్రి పదకొండు. ఎండలో నిలబడ్డ నెమలికి రాత్రి పదకొండేమిటని నాలుగు వందల పన్నెండు మందిలో ఎవరూ అడగలేదు, ఎందుకంటే నెమలిని ఆయన ఎవరికీ చూపించలేదు.

ఉదయం తొమ్మిదిని రాత్రి తొమ్మిదిగా పెట్టాడు. అంతే జరిగింది. ఆదివారం మధ్యాహ్నం రెండూ నలభైకి ముసురులో, పామాయిల్ నీడలో చీకటి అనుకుని కెమెరా నలుపూ తెలుపూ తీసింది. బోరు మీదికి వంగింది తను. అసలు దొంగ మట్ట అడ్డం పడ్డాక వచ్చి, హాయిగా కోసుకుని పోయాడు.

సారంగపాణి మంచం మీద కూలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కార్డు అంత చిన్న వస్తువు, పొయ్యిలో పడేస్తే క్షణంలో పోతుంది. తనకు తప్ప ఎవరికీ తెలియదు. రోజారాణికి గ్రూపు లేదు. పేపరు రేపటికి మిరపకాయ బజ్జీలు కట్టడానికి పోతుంది. వసీం సంగతి కోర్టు చూసుకుంటుంది, తప్పు చేయకపోతే ఎప్పటికైనా వదిలేస్తారు. ఇలా పది నిమిషాలు లెక్కలు కట్టాడు. గనిలో తను పట్టించిన ఆ మూడోవాడి విషయంలోనూ ఇలాగే కట్టాడు. ఎప్పటికైనా వదిలేస్తారని అప్పుడూ అనుకున్నాడు. వదిలేశారు, పదకొండు నెలలకు. ఉద్యోగం మాత్రం మళ్లీ ఇవ్వలేదు.

బయట రోజారాణి చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. గడియారం తొమ్మిదిన్నర దాటింది. మధ్యాహ్నం అయితే వసీంను బండి ఎక్కిస్తారు.

ఆయన గ్రూపు తెరిచాడు. రెండు ఫోటోలూ, నెమలినీ పెట్టి రాశాడు: ‘టైము నేనే తప్పు పెట్టిన. ఫోటోల ఉన్నది నేనే. వసీం కాదు. తప్పు నాది.’ పంపాడు. చాయ్ తాగకుండా బండి తీశాడు.

స్టేషన్‌లో ఎస్సై ఆ ఫోటోలు ఒకటికి రెండుసార్లు చూశాడు. తర్వాత గణేష్‌కు ఫోన్ చేశాడు. రాగి తీగ నేనే అమ్మానని, చీటీ కూడా ఉందని గణేష్ ఒక్క నిమిషంలో చెప్పాడు. నిన్నటి నుంచి ఆ ఒక్క ఫోను ఎవరూ చేయలేదు.

వసీంను బయటికి తీసుకొచ్చారు. పెదవి చిట్లి ఉంది. చొక్కాకు ఒక చెయ్యి లేదు. మోపెడ్ ముందు చక్రం వంకరపోయింది, రిపేరుకు వారం పడుతుందట. సారంగపాణి రెండు చేతులూ జోడించాడు. ఎంత తిట్టినా పడదామని సిద్ధపడి వచ్చాడు కానీ, వసీం తిట్టలేదు.

“సార్, మీ గ్రూపుల నా నంబరు గూడ కలుపుండ్రి,” అన్నాడు మెల్లగా. “మళ్లా నా పేరొస్తే, కొట్టేటోళ్లకన్న ముందు నేను సూసుకుంట గద.”

సారంగపాణి ఆదరాబాదరా ఫోను తీశాడు. గ్రూపు నిండా కొత్త మాటలు ఉన్నాయి. సారు తన కేబుల్ తనే కోసుకున్నాడేమోనని ఒకడు. పరిహారం కోసమా అని ఇంకొకడు. మనందరి కేబుళ్లూ ఎటు పోయాయో ఇప్పుడు తెలుస్తోందని దూలయ్య. అవ్ అన్నవాళ్లు అప్పటికే నలభై దాటారు. అన్నిటికీ కింద బూడిదరంగు అక్షరాల్లో ఒక వరుస ఉంది. ప్రేమ్‌సాగర్ ఆయన్ను గ్రూపు నుంచి తీసేశాడు.

ఆ మాట వసీంకు చెప్పలేకపోయాడు. బండి మీద దింపుతానన్నాడు. వద్దని, బస్సుకు పోతానని అతను రోడ్డెక్కాడు. సారంగపాణి స్టేషన్ గేటు దగ్గరే నిలబడి చూశాడు. సన్నటి నిటారు వీపు. రెండు భుజాలూ సమానంగా, తాడు గుంజి కట్టినట్టు ఉన్నాయి. పేపర్లో పడ్డ ఆ వాలిన వీపుకూ దీనికీ ఏ కోశానా పోలిక లేదు. ఆరేళ్లు, తన గేటు దగ్గర నిలబడి మలుపు తిరిగేదాకా చూసిన వీపు ఇది. అది వసీం కాదని చెప్పగలిగిన మనిషి ఆ నాలుగు వందల పన్నెండు మందిలో తనొక్కడే.

వసీం మలుపు తిరిగాడు. సారంగపాణి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, ఎడమ భుజం కిందికి వేలాడేసుకుని.