ముందు మెయిన్ ఆపాలి

తలుపు ముందు గుట్టపడిన చెప్పుల్ని ఆమె కాలితో గోడవారకు నెట్టింది. వెనకే మెట్లెక్కి వచ్చినవాళ్లు మళ్లీ అక్కడే విప్పారు. కుట్టుగదిలోకి దుమ్ము రాకూడదని చెప్పులు బయట విడవమన్నది యజమానే. నలభై జతలూ గడప ముందే విడవమని మాత్రం ఆయన అనలేదు.

“భూమి ఊగినప్పుడు కూడా ఇక్కడే నిలబడి జత వెతుక్కోండి. వెనకవాళ్లు మీ నెత్తినెక్కి దిగుతారు.”

“మొన్ననే కొన్నాను విజిలక్కా. వదిలేసి ఎలా పోతాను?” అంది బొత్తాలు కుట్టే అమ్మాయి.

విజిలక్క పని కాలర్లు కుట్టడం. పందొమ్మిదేళ్లుగా అదే కిటికీ, అదే మిషను. కుడి చూపుడువేలి గోరు ఎప్పుడో సూది దిగి రెండుగా చీలింది, ఇప్పటికీ అలాగే పెరుగుతోంది. రెండేళ్ల కిందట చిన్న భూకంపం వచ్చి పోయాక, జాగ్రత్తలు చూసుకోవడానికి ఒక మనిషి కావాలని యజమాని అడిగితే అందరూ నేలచూపులు చూశారు. ఆమె చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. విజిలు మెడలో పడింది.

ఇంట్లోనూ అదే వరస. బీరువాను గోడకు బిగించమని భర్తకు ఎనిమిది నెలలు చెప్పింది. “అదెక్కడికి పోతుందే?” అనేవాడు. చివరికి పక్కింటివాళ్ల డ్రిల్లు అడిగి తెచ్చి తనే బిగిస్తే, గోడ పాడుచేసిందని వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం ఇల్లు హాయిగానే ఉంది.

పదింటికి విజిలు ఊదింది. నెలకోసారి చేయించేదే. అందరూ బల్లల కిందికి దూరి, ఒక చేత్తో తల కప్పుకుని, ఇంకో చేత్తో బల్లకాలు పట్టుకోవాలి. ఊగడం ఆగాక మెట్లమీదుగా దిగాలి, లిఫ్టు ఎక్కకూడదు. బల్లల కిందనుంచి కిసకిసలు వినబడ్డాయి. ఎవరో ఆవలించారు.

ఇస్త్రీ బాబాయి ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకు చెవులు అంతంతమాత్రం. కిందటి నెల ఇస్త్రీపెట్టెను అలాగే వదిలేసి అందరితో పాటు దిగిపోయి, బల్లమీది దుప్పటి కాల్చాడు. అప్పటినుంచి ఆమె ఆయన వెంటపడుతూనే ఉంది.

చెవి దగ్గరికి వెళ్లి, అవతలి గోడకున్న కరెంటు స్విచ్చు చూపిస్తూ, “బాబాయ్, ముందు మెయిన్ ఆపాలి. ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్?” అంది.

“ఆపుతాలే తల్లీ. మీ పిన్ని కూడా నన్నింత సాధించలేదు.”

ఆ మాటమీద నమ్మకం లేక, ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ‘ముందు మెయిన్ ఆపాలి’ అని రాసి ఆయన బల్ల ఎదురుగా తగిలించింది. ‘ఊగడం ఆగాక’ అన్న మాటకు అట్టమీద చోటు చాల్లేదు. అది అందరికీ తెలిసిందే కదా అనుకుంది.

మధ్యాహ్నం మూడు దాటాక దారం కండెలు వాటంతటవే దొర్లసాగాయి. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆమె విజిలు ఊది బల్లకింద దూరింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బల్లల కాళ్ల మధ్యనుంచి చూస్తే, అవతలి గోడవైపు తడబడుతూ నడుస్తున్న రెండు పాదాలు కనిపించాయి.

“బాబాయ్, కూర్చో. కూర్చోమంటుంటే.”

ఊపిరి ఉన్నంతవరకూ ఊదింది. పాదాలు వెనక్కి తిరగలేదు. గదిలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరాయి. మిషన్ల మోత ఆగింది. ఆ తర్వాత ఆ గోడ పైభాగం విరిగిపడింది.

ఊగడం ఆగాక అందరూ చెప్పుల్ని తొక్కుకుంటూ దిగారు. ఒక్కరూ వంగలేదు. కింద ఖాళీస్థలంలో ఆమె తలలు లెక్కపెట్టింది. తనతో కలిపి ముప్ఫై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. పైకి పరుగెత్తబోయినవాళ్లను, ఇంకోసారి ఊగుతుందని చేతులు అడ్డం పెట్టి ఆపింది. తననూ అలాగే ఆపుకుంది.

సాయంత్రం రక్షణ సిబ్బంది ఆయన్ని స్ట్రెచర్ మీద దించారు. ముఖం కప్పి ఉంది.

బొత్తాల అమ్మాయి ఆమె భుజం పట్టుకుని, “ఊరుకో అక్కా. నువ్వు చెప్పినట్టే చేశాడు,” అంది.

రిపోర్టులో రాసుకోవడానికి, ఎవరు ఎక్కడ పనిచేసేవారో చూపించమని సిబ్బంది ఆమెను తలుపుదాకా తీసుకెళ్లారు. ఒక్కో బల్లా వేలితో చూపించింది. చివరిదాని మీద తెల్లచొక్కా ఒకటి పరిచి ఉంది. ఒక చెయ్యి సాపుగా మెరుస్తోంది, రెండోది ఇంకా ముడతలతోనే ఉంది.