బిడారు వెనక ఆడమనిషి

పదకొండో కెటిల్ తోముతుండగా రాములవ్వ ఎడమ భుజం మళ్ళీ గుంజింది. కెటిల్ బోర్లించి, తడిచేతులు గౌనుకు తుడుచుకుని కాసేపు ఇసుకలో చతికిలబడింది. దోహా అవతల ఎడారిలో, షహానియా దాటాక దుఖాన్ రోడ్డు పక్కన వేసిన గుడారాల్లో తొమ్మిది రోజులుగా ఇదే పని. సినిమా తీస్తున్న జపాన్ వాళ్ళకు గిన్నెలు కడగడానికి ఆమెను తాను పనిచేసే ఇంటి మేడమ్ పంపింది. ఫోటో మాత్రం దిగవద్దంది.

వెయ్యేళ్ళనాటి కథట. జపాన్ సన్యాసులు ఒంటెల బిడారుతో కలిసి ఎడారి దాటుతారు. బిడారులో అన్ని దేశాలవాళ్ళూ కనబడాలని కూలీల క్యాంపుల నుంచి నేపాలీలనూ, సూడాన్ వాళ్ళనూ, తెలుగువాళ్ళనూ తెచ్చి తలపాగాలు చుట్టారు. మాటలు సన్యాసులకే. క్యాంపుల్లో ఆడవాళ్ళుండరు కనుక ఆరుగురు మగవాళ్ళకు మీసాలు తీయించి ముసుగులు వేశారు.

వాళ్ళలో చివర నెత్తిన నీళ్ళకుండతో నడవాల్సినవాడు జగిత్యాల తాపీమేస్త్రీ నర్సింలు. ఎన్నిసార్లు నడిచినా సిమెంటు బస్తా మోస్తున్నట్టే ఉంది. డైరెక్టరు తల పట్టుకున్నాడు.

ప్రతి దృశ్యాన్నీ పుస్తకంలో రాసుకునే కియోకో టీ కోసం వచ్చి, రాములవ్వ రెండు నీళ్ళగిన్నెలు నెత్తిన పెట్టుకుని, చేయి వేయకుండా నడిచిపోవడం చూసింది. వ్యాను డ్రైవరు రఫీయుద్దీన్‌ను పిలిచి వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అతను తెలుగులో చెప్పాడు:

"నిన్నే నడ్వమంటుంది రాములవ్వా, సినిమాల."

"మా మేడమ్ ఊకోదు. ఫోటో మాఫీ, దిగొద్దు అన్నది గద."

ఇంటికి ఫోన్ చేశారు. కుదరదన్నారు. ముసుగు లోపల ఎవరుంటేనేం అన్నాడు డైరెక్టరు. కియోకో పుస్తకం మూసింది.

చివరికి రాములవ్వ నడక నేర్పింది. ఎర్రటి ఎండలో దిబ్బ ఎక్కుతూ దిగుతూ ఆమె ముందు, నర్సింలు వెనక.

"గట్ల కాదు తమ్మీ. మెడ కదలొద్దు. నడుము కదలాలె."

"ఎంత తిప్పలక్కా, ఆడోళ్ళ నడక."

ఆమె నవ్వలేదు. ఊపిరి అందడం లేదు. ఇటుకబట్టీలో నేర్చిన నడక అది. ఏడో నెల కడుపుతోనూ అలాగే నడిచింది. పెనిమిటి పోయిన పదకొండోనాడు మళ్ళీ బట్టీకి అలాగే పోయింది. ఎడారి దేశమంటే దుబాయే అయిన ఊళ్ళో రాములవ్వ దుబాయ్ చూసిందని అనుకుంటారు. ఆరేళ్ళలో ఆమె చూసింది ఒక్క వంటిల్లు.

పొద్దు వాలుతుండగా షాటు కుదిరింది. అందరూ నర్సింలుకు చప్పట్లు కొట్టారు. అతను ముసుగు ఎత్తి ఆమె కోసం చూశాడు. గుడారం నీడలో భుజం పట్టుకుని నిలబడి ఉంది.

కియోకో పుస్తకం తెచ్చింది. రఫీయుద్దీన్ చెప్పాడు: "కథల ఆ ఆడామెకు పేరు లేదంట. ఏం పేరు రాయాల్నని అడుగుతుంది."

రాములవ్వ పుస్తకంలోకి తొంగిచూసింది. "రాములవ్వ అని రాయుమను. నడక నాదే గద."

కియోకో రెండుసార్లు పలికించుకుని తమ లిపిలో రాసింది. ఏ లిపీ చదవడం రాని రాములవ్వ ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది.

వ్యానులో వెనక సీటులో ఒరిగింది. "జర పంటున్న రఫీ. ఇల్లు రాంగనే లేపు."

దోహాలో గేటు ముందు వ్యాను ఆగింది. "యల్లా, లే రాములవ్వా." రెండోసారి పిలిచాడు. తలుపు తీసి చేయి పట్టుకుని చూశాడు, చల్లబడి ఉంది. తర్వాత వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ఆసుపత్రి వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. లోపల మేడమ్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. రఫీయుద్దీన్ వెనక సీటు సర్దబోయి ఆగాడు. సీటు కింద ఒక రబ్బరు చెప్పు ఉంది, తెగిన పట్టీకి తీగ కట్టి, మడమ దగ్గర ఒకవైపే అరిగి.