ఆగిన పనులు: లేవు

“మీ ఆఫీసులో పనేముంది, టిక్కులు పెట్టడమేగా!” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న తన చొక్కా కోసం చెయ్యి చాపుతూ. ఆమె చొక్కా అందించి వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద పాలు, అత్తగారికి వేణ్ణీళ్లు, కూతురి జడ, సర్దాల్సిన నాలుగు డబ్బాలు. పన్నెండేళ్లుగా ఈ ఇల్లు ఒక్క పూటా ఆగలేదు. ఆగలేదు కాబట్టే ఇక్కడ పనంటూ ఒకటుందని ఎవరికీ తోచలేదు. “మా కోడలు ఇట్టే చేసేస్తుంది” అని అత్తగారు చుట్టాల ముందు మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు ఇంకో పని వచ్చిపడేది.

ఆడిట్ ఆఫీసులోనూ అదే తంతు. సెక్షన్‌లో ఉండాల్సింది ఐదుగురు. ఒకరు రిటైరయ్యారు, ఇద్దరు బదిలీ మీద వెళ్లారు, ఇంకొకాయన ఎడతెగని సెలవులో ఉన్నాడు. మిగిలింది ఆమె. ప్రభుత్వాస్పత్రిలో ప్రాణం నిలిపే పరికరాలను ముగ్గురు వెళ్లి, ఒక్కొక్కటీ ఆన్ చేయించి చూసి రావాలని నియమం. నిరుడు ఆమె ఒక్కతే బయల్దేరబోతుంటే భర్త ఫోన్ చేశాడు. “అమ్మకి కళ్లు తిరుగుతున్నాయట. నాకు మీటింగుంది, నువ్వెళ్లు.” ఇంటికి పరుగెత్తింది. మర్నాడు ఆస్పత్రి స్టోర్‌కీపరు పంపిన జాబితా ముందేసుకుని డెబ్బై రెండు పరికరాలకూ టిక్కులు పెట్టేసి, ‘స్వయంగా చూశాను’ అని సంతకం చేసింది. భర్త మాట ఆ ఒక్కసారీ నిజమైంది. అప్పట్నుంచీ ఆ పరికరాలుండే పసిపిల్లల వార్డు పేరు ఎక్కడ విన్నా ఆమెకు గుండెలో కలుక్కుమంటుంది.

ఈ ఉదయం సూపరింటెండెంట్ ఒక కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పై ఆఫీసుకు ఏటా పంపేదే. ఖాళీల వల్ల ఆగిన పనులేవైనా ఉన్నాయా అని అందులో ఒక గడి.

“ఎప్పట్లాగే ‘లేవు’ అని రాసేయండమ్మా. దాన్ని బట్టే ఈసారి ఖాళీ పోస్టులు ఎత్తేస్తారట.”

“మూడూనా సార్?”

“మీరున్నారుగా! పదిమంది పెట్టు!”

అచ్చం అత్తగారి మెప్పే. పాత కాగితాలు తీసి చూసింది. నాలుగేళ్ల ‘లేవు’లూ తన చేతిరాతే. తన నడుం మీద ఎక్కిన బరువుకు తనే రసీదు రాసిచ్చింది. ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయమూ వేసింది. అయినా రాసింది. ‘నిరుడు ఆస్పత్రి తనిఖీ జరగలేదు. చూడకుండానే చూశానని సంతకం చేశాను. వెంటనే ముగ్గురిని పంపి చూపించాలి.’

భోజనాల తర్వాత ఆఫీసు కాపీ చదివిన సూపరింటెండెంట్‌కు ముచ్చెమటలు పోశాయి.

“మతి ఉండే రాశారా? ముందు మీ ఉద్యోగానికే ఎసరు! మీవారినైనా ఒకమాట అడగాల్సింది.”

“నిరుడు ఆయన మాటే విన్నాను సార్.”

“సరే, అసలు కాగితం ఆపమని టపా గుమాస్తాతో చెప్తానుండండి.”

“టపా గుమాస్తా ఎక్కడున్నాడు సార్? రెండేళ్లుగా ఆ పనీ నేనే చేస్తున్నాను,” అంది ఆమె. “పదకొండింటికే పంపేశాను.”