ఎర్ర చుక్క

వెనక చక్రం నేలకు ఆనకుండా బండిని చెక్క దిమ్మె మీదికి ఎత్తి, బిచ్యా ఆ చక్రాన్ని ఎడమచేత్తో మెల్లగా తిప్పుతున్నాడు. మీటరు తీగలు రెండూ కుడి పిడికిట్లో ఉన్నాయి. కళ్లద్దాలకు ఒక కాడ లేదు. దాని బదులు మోటారుకు చుట్టే దారం చెవికి చుట్టుకుని ఉంటుంది. అరవై ఒక్క ఏళ్ల మనిషి, లుంగీ ఎగగట్టి గోనెసంచి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడంటే, ఇక ఆయనకూ మోటారుకూ మధ్య దేవుడొచ్చినా పక్కకు తప్పుకోవలసిందే.

అశ్వారావుపేట నుంచి భద్రాచలం వైపు పోయే దారిలో పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యేచోట ఉంది ఆయన రేకుల షెడ్డు. చదివింది మూడో తరగతి. నలభై ఏళ్లు బోరు మోటార్లకు తీగ చుట్టాడు. కరెంటు బండ్లు వచ్చినప్పుడు, ఇక బిచ్యా పని అయిపోయిందని తండాలో అనుకున్నారు. తీగా అయస్కాంతమూ ఉన్న ప్రతిదీ తనకు చుట్టమేనన్నాడు ఆయన. మూలన పడ్డ బండి ఒకటి తెచ్చుకుని మూడు నెలలు విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ఇప్పుడు షోరూమువాళ్లు చేతులెత్తేసిన బండ్లు కూడా ఈ షెడ్డుకే వస్తాయి.

ఆయనకొక పద్ధతి ఉంది. పని మనసుకు నచ్చినట్టు కుదిరితే, మోటారును నడిపించే కంట్రోలర్ పెట్టె మూత బిగించి, ఆ స్క్రూ మీద భార్య హేమ్లి గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెడతాడు. ఇంకొకరి చెయ్యి పడితే చుక్క పగిలి తెలిసిపోతుంది. ఏ మూలనైనా అనుమానం మిగిలితే మాత్రం బండి గుర్రంలా ఉరికినా సరే, చుక్క పెట్టడు. ఈ చుట్టుపక్కల పాత బండి కొనేవాళ్లు ముందు వంగి చూసేది ఆ చుక్క కోసమే.

ఇవాళ దిమ్మె మీదున్న బండికి చుక్క లేదు. అది ముత్తక్కది. ముత్తక్క కోయగూడెంలో ఆశా కార్యకర్త. వాగు అవతలి మూడు ఊళ్లకు పసిపిల్లల టీకాల డబ్బా మోసేది ఆ బండి మీదే. పిడి తిప్పగానే చక్రం చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోతోంది. కంట్రోలర్ పోయింది, కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు షోరూములో. పదిహేను రోజుల కింద బిచ్యా బండిని విప్పి, తీగల ముడులు పెట్రోలుతో కడిగి పంపాడు. నడిచింది. అసలు కారణం చేతికి చిక్కలేదు గనుక చుక్క పెట్టలేదు. నాలుగో రోజు అది నట్టడవిలో మొరాయించింది. ముత్తక్క డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచేసరికి మంచు కరిగి టీకాలన్నీ పాడయ్యాయి. ఆమె వచ్చి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బిచ్యాకు కాస్త ఊపిరాడేది.

రేపు పొద్దున్నే మళ్లీ టీకాలు. బిచ్యాకేమో ఇవాళ నాలుగింటికి ఖమ్మం బస్సు. పెద్ద దవాఖానాలో రేపే గుండెకు ఆపరేషన్. హేమ్లి పొద్దుటి నుంచి సంచి సర్ది గుమ్మంలో పెట్టి, లంబాడీలో సణుగుతూనే ఉంది. ముత్తక్కే చివరికి ఆగలేకపోయింది.

"అన్నా, నువ్వు బస్సుకు పో. నేను నడిసిపోత. గిన్నేండ్లు నడవలేదా?"

బిచ్యా తల ఎత్తలేదు. "ఈ బండి గిట్ల ఉండంగ నేను ఆడ కత్తి కింద పండుకోలేను చెల్లె."

మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు పెద్దలు.

బ్యాటరీ చూశాడు, నిండుగా ఉంది. పిడి చూశాడు, మంచిదే. బ్రేకు తీగ ఊడదీసి చూశాడు, వణుకు పోలేదు. మోటారు నుంచి వచ్చే మూడు లావు తీగలు కంట్రోలర్ నుంచి విడదీయకముందూ, విడదీశాకా చక్రం తిప్పి చూశాడు. రెండుసార్లూ తేలిగ్గానే తిరిగింది. కంట్రోలర్ కాలి ఉంటే తీగలు కలిపి ఉన్నప్పుడు చక్రం బిగుసుకునేది. అంటే అది కాలలేదు. షోరూము మాట తప్పని తేలినందుకు మీసం కింద ఒక నవ్వు వచ్చింది గానీ, ఆయన దాన్ని ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

ఇక మిగిలినవి సన్న తీగలు. చక్రం ఎక్కడుందో కంట్రోలర్‌కు చెప్పేవి అవే. చక్రం తిప్పుతుంటే పసుపు తీగ దగ్గర మీటరు సున్నా, అయిదు, మళ్లీ సున్నా అంటోంది. ఆకుపచ్చదీ అంతే. నీలం తీగ మాత్రం రెండు దగ్గరే నసుగుతోంది. అవుననదు, కాదనదు. ఆ తీగ వెంట వేలు పోనిచ్చాడు. వేలికి చీమ కుట్టింది.

ఇంకొకటి కనిపించింది. ఇంకా నాలుగు. కాళ్లు పెట్టుకునే పలక కింద, తీగలు కలిసే ప్లాస్టిక్ ముడిలోకి వరసగా పోతున్నాయి. బిచ్యా ముడి విప్పి వాసన చూశాడు. నాలుక చివర తగిలించాడు కూడా. హేమ్లి నెత్తి కొట్టుకుంది.

"ముత్తక్కా, బండికి సాక పోసిన్రా?"

పోయకేం, అంది ముత్తక్క. వాళ్లత్త ముత్యాలమ్మకు పోసినట్టే పసుపూ బెల్లమూ కలిపిన నీళ్లు పిడి మీదా పలక మీదా ప్రతి పండక్కీ నిండు చెంబుతో పోస్తుంది. మొన్న అడవిలో ఆగినప్పటి నుంచీ దిష్టి తగిలిందని ఇంకో చెంబు కూడా పోస్తోంది.

బిచ్యా పకపకా నవ్వాడు. నవ్వు ఆయన మీదే. బెల్లం పెట్రోలుకు కరుగుతుందా? వంటింట్లో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు. "హేమ్లీ, ఉడుకునీళ్లు," అన్నాడు. ఆమె అప్పటికే టీ కోసం పెట్టిన గిన్నె దించి తెచ్చింది. నీళ్లు ముడిలో పోయగానే పసుపు రంగు పాకం కారింది. లోపల ఇత్తడి మొనలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆ ముడినే కోసి పారేసి, ఒక్కో తీగను తీగకు సీసం కరిగించి టాంకా వేసి అతికించి, గొట్టం తొడిగి, పైన గ్రీజు పూశాడు. మీటరు పెట్టాడు. నీలం తీగ సున్నా అంది, అయిదు అంది.

"సాక పోయొద్దనకు మీ అత్తతోని. చక్రం ముంగట నేల మీద పొయ్యమను. గట్ల పోసినా బండికి ముడుతది."

ఎక్కి చూడని బండిని ఇవ్వడం ఆయన ఇంటావంటా లేదు. వాగు వంతెన ఎత్తు ఎక్కించాలి, వెనక బరువుండాలి. హేమ్లిని ఎక్కమన్నాడు. ఈ షెడ్డులో ఎన్నో బండ్లు బాగుచేశాడు, ఒక్కదాని మీదా ఆమెను ఎక్కించుకోలేదు. బస్సు టైమవుతోందని ఆమె గొణిగింది, గొణుగుతూనే కొంగు నడుముకు దోపి ఎక్కింది. చప్పుడే లేని బండి ఇద్దరినీ మోసుకుని ఎత్తు మీదికి నీళ్లలో చేపలా పోయింది. వంతెన మీద ఆపి, విన్నావా, అన్నాడు బిచ్యా. ఏం వినపడలేదంది హేమ్లి. అదే మరి, అన్నాడు గర్వంగా. ఆ పూటకు ఆయన గుండెకు ఏ జబ్బూ లేదు.

తిరిగొచ్చి మూత బిగించాడు. చొక్కా జేబులోంచి గోళ్ల రంగు సీసా తీసి, కుంచె అంచు తుడిచి, స్క్రూ మీద చుక్క పెట్టాడు. ముత్తక్క వంగి, అది ఆరేదాకా చూసింది. అంతలో మలుపు దగ్గర బస్సు హారన్ కొట్టింది. హేమ్లి సంచి అందుకుంది. బిచ్యా చేతులైనా కడుక్కోకుండా లేచాడు.

మర్నాడు ఖమ్మంలో ఆపరేషన్ బల్ల మీద బిచ్యా గుండె ఆగింది. మళ్లీ కదల్లేదు. ఆ వేళకు ముత్తక్క వాగు అవతల మూడో ఊళ్లో డబ్బా మూత తీస్తోంది. లోపల మంచు గట్టిగానే ఉంది.

దినాలు అయ్యాక హేమ్లి షెడ్డు తలుపు తీసింది. ముత్తక్క బండి ఆపి ఆమె పక్కన నిలబడింది. చక్రాల నిండా అడవి దుమ్ము, పలక కింద కంట్రోలర్ మూత మీద ఎర్ర చుక్క చెక్కుచెదరకుండా ఉంది. ఇద్దరూ లోపలికి చూశారు. గోనెసంచి పక్కన, బస్సు తొందరలో మూత బిగించకుండా వదిలేసిన గోళ్ల రంగు సీసా ఉంది. అందులో కుంచె నిలబడినది నిలబడినట్టే ఎండిపోయింది.