రెండు భాషల్లో రాజీనామా

కాజాలక్క బీరువాను వంటగదిలోకి జరిపించిన రోజున, ఆవిడ భర్త స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని వచ్చి, చొక్కా కోసం పడగ్గది గోడను తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. గోడ మీద బీరువా ఆకారంలో తెల్లటి మచ్చ ఉంది గానీ బీరువా లేదు.

"ఏమే, బీరువా ఏదీ?"

"వంటగదిలో ఉందండీ. సాయంత్రం ఆరున్నర దాకా అక్కడే ఉండాలి."

"ఎందుకు?"

"పాఠం."

ఆయన ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సులో కండక్టరు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమైనా కాకపోయినా టికెట్టు చింపి చేతిలో పెట్టి ముందుకు కదలడం ఆయనకు అలవాటు. వంటగదిలోకి వెళ్లి, ఉల్లిపాయలు వేగే పొగలో చొక్కా వెతుక్కుని, తుమ్ముకుంటూ డ్యూటీకి పోయాడు.

ఈ గొడవంతా ఆవిడ పనిచేసే చొక్కాల కార్ఖానాలో మొదలైంది. పంతొమ్మిదేళ్లుగా అక్కడ ఆవిడ పని ఒక్కటే, చొక్కాలకు కాజాలు కుట్టడం. అంటే బొత్తాలు దూరే కన్నాల చుట్టూ దారం అల్లడం. అందుకే అందరికీ ఆవిడ కాజాలక్క. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. ఒకరోజు యజమాని కొత్త మిషను దింపించాడు. పెళ్లికూతుర్ని చూసినట్టు అందరూ చుట్టూ మూగారు.

"ఇది గంటకు రెండొందల కాజాలు కుడుతుంది. కానీ దీనికి రెండే భాషలు వచ్చు, ఇంగ్లిషూ, స్పానిషూ. తెర మీద ఎప్పుడు ఏది మాట్లాడుతుందో దాని ఇష్టం. నేను బతిమాలి చూశాను, వినలేదు" అన్నాడాయన. "కుర్చీ ఒక్కటే. రెండు భాషలూ వచ్చినట్టు కాగితం తెచ్చినవాళ్లకే ఆ కుర్చీ. నెలాఖరు నుంచి చేతి కాజాల బల్ల తీసేస్తున్నాం."

చేతి కాజాల బల్లంటే కాజాలక్క ఒక్కతే. నలభై ఏడేళ్ల వయసు, సూది కన్నం ఒకటి రెండుగా కనబడే కళ్లు. ఇంకో కార్ఖానా గుమ్మం ఎక్కితే ఎవరు లోపలికి రమ్మంటారు? ఆ కుర్చీ దక్కితే తెర మీద అక్షరాలు ఇంతింత లావున ఉంటాయి, ఇంకో పదేళ్లు ఢోకా లేదు. దక్కకపోతే నెలాఖరున ఇంటికే.

కాలేజీలో చదివే కూతురు ఫోన్లో వెతికి, రెండు భాషలూ కలిపి నేర్చుకునేవాళ్ల గుంపొకటి పట్టింది. సాయంత్రం ఆరింటికి అందరూ ఫోన్లలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చదువుకుంటారు. ఫీజు లేదు, పంతులూ లేడు. ఉన్నది నలుగురే. ఒక పళ్ల డాక్టరమ్మ, సెలూన్ నడిపే తమ్ముడు, కాజాలక్క, వాళ్లందరికీ పెద్దదిక్కుగా లిఫ్టు తాతయ్య.

లిఫ్టు తాతయ్య ముప్ఫై ఆరేళ్లు ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. ఐదో అంతస్తు వస్తేనే ఐదు అన్నాడు, ఏడు వస్తేనే ఏడు అన్నాడు. సర్వీసు మొత్తంలో ఒక్క అంతస్తు కూడా అబద్ధం చెప్పని మనిషి. ఆ గర్వం ఆయన మీసంలో కనిపించేది. గుంపులో ఉన్న ఒకే ఒక్క పుస్తకమూ ఆయనదే, ఆయన పెట్టిన నియమమూ ఒకటే.

"పుస్తకంలో ఉన్న వాక్యం రెండు భాషల్లోనూ చెప్పాలి. చెప్పే నిమిషానికి అది నిజమై ఉండాలి. కెమెరాలో రుజువు చూపాలి. అబద్ధాలతో భాష నేర్చుకుంటే నోటికి భాష రాదమ్మా, అబద్ధమే వస్తుంది."

అందుకే బీరువా వంటగదిలోకి వచ్చింది. వస్తువుల పాఠంలో వాక్యం అది మరి. సాయంత్రం ఆరింటికి కాజాలక్క ఫోను బీరువా వైపు తిప్పి, ఇంగ్లిషులో ఒకసారి, స్పానిషులో ఒకసారి, బీరువా వంటగదిలో ఉందని చెప్పింది. తాతయ్య కళ్లద్దాలు సర్దుకుని, "బీరువా తలుపు తీయమ్మా, అట్టముక్కతో చేసింది కాదు కదా" అని చూసి మరీ పాసు చేశాడు.

తరవాతి వాక్యం, ముసలావిడ బల్ల మీద కూర్చుని ఉంది. కాజాలక్క బెదురుతూ అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యా, ఒక్క పది నిమిషాలు బల్ల మీద కూర్చుంటారా?"

"నేను ముసలిదాన్నని ఎవరు చెప్పారే వాళ్లకి?"

"పుస్తకంలో ఉందత్తయ్యా."

"పుస్తకంలో ఎక్కానా!" అని ఆవిడ మురిసిపోయి, పట్టుచీర కట్టుకుని వచ్చి బల్లెక్కింది. పాఠం అయిపోయినా దిగలేదు. అక్కణ్నుంచి కిటికీలో వీధి మలుపు దాకా కనిపిస్తోందట. మూడు రోజులు అన్నం అక్కడికే తెప్పించుకుంది. పాఠం వింటూ విషయాలు కూడా పట్టేసింది. స్పానిషులో వస్తువులకు కూడా ఆడామగా ఉంటుందని, బల్ల ఆడది, కుర్చీ ఆడది, బీరువా మగవాడు అని తెలిసినప్పుడు కండక్టరు వైపు వేలు చూపి మరీ చెప్పింది.

"విన్నావురా అబ్బాయ్? బరువు మోసేవన్నీ ఆడవాళ్లు. తలుపులు మూసుకుని గోడకి చేరగిలబడేది మగాడు. ఆ దేశం వాళ్లెవరో గానీ ఇల్లు చూసే రాశారు భాష."

గుంపులో మిగతావాళ్ల తిప్పలు చెబితే తరగవు. పళ్ల డాక్టరమ్మకు 'నా గదిలో వాన పడుతోంది' అని వచ్చింది. పై అంతస్తు వాళ్లను బతిమాలి కొళాయి విప్పించుకుని, గొడుగు కింద నిలబడి, పళ్ల కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న మనిషికి ఇంకో గొడుగు పట్టించి చెప్పింది. సెలూన్ తమ్ముడికి 'మా అన్నయ్య నాతో మాట్లాడటం లేదు' అని వచ్చింది. పాపం అన్నదమ్ములిద్దరూ ఒకే కంచంలో తిని పెరిగారు, పోట్లాట ఎలా పెట్టుకోవాలో అతనికి తెలియదు. చివరికి అన్నయ్య నిద్రలో ఉండగా ఒక పక్క మీసం గొరిగేశాడు. పాసయ్యాడు. పాసయ్యాక చెంపలేసుకుని వెళ్తే అన్న మొహం తిప్పేసుకున్నాడు, ఆయన గుంపులో లేడు కదా, పాఠం అయిపోయిందని ఆయనకేం తెలుసు! తాతయ్యే జాలిపడి, 'మా అన్నయ్య నన్ను క్షమించాడు' అన్న వాక్యం పుస్తకంలో వెతికి ఇచ్చి, ఎనిమిది రోజులు గడువు పొడిగించాడు.

ఇలా కిందా మీదా పడి నలుగురూ చివరి పాఠానికి వచ్చారు. శనివారం సాయంత్రం ఆరింటికి పరీక్ష. పాసైతే తాతయ్య కాగితం మీద ముద్ర కొట్టి ఇస్తాడు. కార్ఖానా యజమానికి ముద్ర ఉంటే చాలు, ఎవరిదని అడగడు. నెలాఖరు కూడా అదే శనివారం. శుక్రవారం తాతయ్య కెమెరా ముందు చీట్లు తీశాడు. కాజాలక్క చీటీ విప్పి చదివాడు.

'నేను ఇవాళ నా ఉద్యోగం మానేశాను.'

కాజాలక్క ఫోను మొహానికి దగ్గరగా లాక్కుని, "తాతయ్యా, ఆ ఉద్యోగం కోసమే కదా నేను నేర్చుకుంటున్నది! వేరే చీటీ తీయండి" అంది.

"లిఫ్టు ఆరో అంతస్తులో ఆగిందమ్మా. నీకు ఐదు కావాలని ఐదు అని ఎలా చెప్పను?"

"పోనీ నా చీటీ తీసుకోండక్కా" అన్నాడు సెలూన్ తమ్ముడు. "నాది 'నాకు కవల పిల్లలు' అని వచ్చింది. రేపటికల్లా నా వల్ల కాదు."

ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. మానేయకపోతే కాగితం రాదు. కాగితం రాకపోతే కుర్చీ రాదు. మానేస్తే కాగితం వస్తుంది, కానీ కుర్చీ ఇచ్చే ఉద్యోగమే ఉండదు. కండక్టరు తల గోక్కుని, "మానేశానని ఉత్తినే చెప్పెయ్యి. ఆ ముసలాయన వచ్చి చూస్తాడా?" అన్నాడు.

మళ్లీ బల్లెక్కి కూర్చున్న అత్తగారు గయ్యిమంది. "నోర్ముయ్! మూడు రోజులు నడుం విరిగేలా ఇక్కడ కూర్చున్నానే, అదంతా అబద్ధం చెప్పడానికా? కోడలు నిజంగా మానేస్తుంది. తరవాత సంగతి తరవాత."

తరవాత సంగతి ఏమిటన్నది మాత్రం ఆవిడ చెప్పలేదు.

శనివారం ఐదున్నరకు కాజాలక్క రాజీనామా కాగితం పట్టుకుని యజమాని గదిలోకి వెళ్లింది.

"ఎందుకు మానేస్తున్నావు కాజాలక్కా? భాషలు రాలేదా?"

"వచ్చాయి సార్, అందుకే మానేస్తున్నా."

ఆయన ఆవిడ మొహంలోకి, కాగితంలోకి మార్చి మార్చి చూశాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్కరోజు ఆలస్యంగా రాని మనిషి, వేళాకోళం ఎరగని మనిషి. కలం తీసి సంతకం పెట్టాడు. సరిగ్గా ఆరింటికి కాజాలక్క అక్కడే నిలబడి ఫోను ఎత్తి, కెమెరాకు ఆ సంతకం చూపించి, తను ఇవాళ ఉద్యోగం మానేసినట్టు మొదట ఇంగ్లిషులో, తరవాత స్పానిషులో చెప్పింది. ఏడుస్తూ చెప్పినా ఒక్క అక్షరం పొల్లు పోలేదని తాతయ్య మెచ్చుకుని, ముద్ర కొట్టి, కాగితాన్ని ఫొటో తీసి పంపాడు. ఆయన దగ్గర ఉన్న ముద్ర ఒకటే. దాని మీద 'తనిఖీ అయినది. ఆరుగురికి మించరాదు' అని ఉంది.

కాజాలక్క కళ్లు తుడుచుకుని, ఫోను యజమాని ముందు పెట్టింది.

"సార్, కాగితం తెచ్చాను. ఆ కుర్చీ నాకివ్వండి."

"నువ్వు ఇప్పుడు మా కార్ఖానా మనిషివి కాదు కదా!"

"అయితే కొత్తగా చేర్చుకోండి."

యజమాని మనిషి మంచివాడే గానీ పద్ధతి తప్పడు. సొరుగు లాగి, కొత్తవాళ్లను చేర్చుకునే ఫారం తీసి, కలం మూత విప్పి, గొంతు సవరించుకున్నాడు.

"కూర్చోండమ్మా. ఇంతకుముందు ఎక్కడ చేశారు?"

"చొక్కాల కార్ఖానాలో సార్."

"ఎన్నేళ్లు?"

"పంతొమ్మిది."

"అన్నేళ్లు చేసి ఎందుకు మానేశారు?"

"ఉద్యోగం కోసం సార్."

ఆయన అదే రాసుకున్నాడు. "అక్కడి యజమాని ఎలాంటివాడు?"

ఇక్కడ కాజాలక్క ఇరుక్కుపోయింది. దేవుడులాంటివాడు అంటే పని అయిపోతుందని తెలుసు. కానీ నెల రోజులుగా నిజం చెప్పీ చెప్పీ నోరు అటే తిరిగిపోయింది.

"మంచాయనే సార్. కానీ ఫ్యాను ఒక్కటే ఉంటుంది, అది ఆయన మీదే తిరుగుతుంది. ఎండాకాలం మా చెమటకు గుడ్డ తడిసేది. మంచినీళ్ల కుండ కూడా ఆయన గదిలోనే ఉంటుంది. దాహమేస్తే తలుపు కొట్టాలి."

గదిలో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. యజమాని చెవులు ఎర్రబడ్డాయి. అయినా కలం ఆపకుండా, చెమటా కుండా సహా అంతా రాశాడు.

"సరే. మేం పాత యజమానిని కనుక్కోకుండా ఎవరినీ తీసుకోం. ఒక్క నిమిషం ఉండండి."

లేచి వెనక ఉన్న స్టోరు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. లోపలి నుంచి ఆయన గొణుగుడు వినిపించింది, ఒకసారి గట్టిగా, ఒకసారి నెమ్మదిగా. ఎవరో ఇద్దరు వాదించుకుంటున్నట్టే ఉంది. కాజాలక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. పది నిమిషాలకు ఆయన బయటికి వచ్చాడు.

"మాట్లాడాను. మీ గురించి మంచిగానే చెప్పాడు. అలాంటి మనిషిని పోగొట్టుకున్నందుకు బాధపడుతున్నాడు కూడా. ఫ్యాను సంగతి మాత్రం ఒప్పుకోలేదు."

"ఒప్పుకోరులెండి."

"కుండ సంగతి ఒప్పుకున్నాడు" అని ఫారం మీద సంతకం పెట్టాడు. "సోమవారం నుంచి రండి."

సోమవారం పొద్దున తొమ్మిదింటికి యజమాని పనివాళ్లందరినీ పిలిచి, కాజాలక్కను మిషను ముందు నిలబెట్టాడు.

"ఈవిడ కొత్తగా చేరారు. ఇక్కడి పద్ధతులు తెలియవు. మీరంతా కాస్త చూసుకోండి."

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ పక్కన కాలర్లు కుట్టే పెద్దావిడ ముందుకొచ్చి, చేయి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్లింది.

"మొహమాటపడకమ్మా. దాహమేస్తే కుండ ఇదిగో, ఇవాళే బయట పెట్టారు. ఇంతకీ మీదే ఊరు?"